నర్సింగ్ హోములో కంప్యూటర్ రికార్డు: నర్సుకు బరువా, ఆసరానా?



ఈనాటి ప్రసంగం పేరు వినగానే మీలో కొందరికి, "ఇది డాక్టర్లకూ కంప్యూటర్ వాళ్లకూ సంబంధించిన సంగతి, మనకెందుకు?" అనిపించవచ్చు. కానీ ఎప్పుడో ఒకప్పుడు నర్సింగ్ హోము గడప తొక్కని కుటుంబం మనలో లేదు. రాత్రి రెండు గంటలకు మన తల్లి మంచం దగ్గరికి రావలసిన నర్సమ్మకు అక్కడికి వచ్చే తీరిక ఉందా, లేక ఆమె కౌంటరు దగ్గర అంకెలు ఎక్కిస్తూ కూర్చుందా? ఈ ప్రసంగంలో నేను అడుగుతున్న ప్రశ్న అదే.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. బళ్లారిలో గానీ, హోసూరులో గానీ, బరంపురంలో గానీ, మనం నర్సింగ్ హోము అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పదో ఇరవయ్యో పడకలు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, కొద్దిమంది నర్సులు, ఆయాలు. మహారాష్ట్రలో ఇలాంటి ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం 1949లో వచ్చిన చట్టం పేరులోనే నర్సింగ్ హోము అన్న మాట ఉంది. అమెరికాలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. అక్కడ అది నడవలేని, తమ పని తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే సంరక్షణ గృహం. అయితే రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండు చోట్లా డాక్టరు వచ్చి చూసి వెళతారు. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేది నర్సులూ, ఆయాలే. కాబట్టి రాతపని పెరిగినా తగ్గినా దాని ప్రభావం మొదట పడేది వాళ్ల మీదే.

ఇంతకూ నర్సు రాసేదేమిటి? జ్వరం, నాడి, ఊపిరి లెక్క రాసే చార్టు ఒకటి. బి.పి. చార్టు. ఏ మందు ఏ వేళకు ఇచ్చారో రాసే మందుల చార్టు. ఎన్ని నీళ్లు లోపలికి వెళ్లాయి, ఎంత మూత్రం బయటికి వచ్చింది అని రాసే చార్టు. షుగరు ఉన్నవారికి మరొకటి. చివరగా డ్యూటీ మారేటప్పుడు తర్వాత వచ్చే సిస్టర్ కోసం రాసే రిపోర్టు పుస్తకం. ఇవన్నీ ఊరికే రాసేవి కావు. పగటి సిస్టర్‌కు తెలిసింది రాత్రి సిస్టర్‌కు తెలియాలంటే ఈ రాతే ఆధారం. రాయడం కూడా సేవలో భాగమే. రోగిని చూసే సమయాన్ని ఆ రాతే మింగివేసినప్పుడు చిక్కు మొదలవుతుంది.

నా స్వానుభవం ఒకటి మనవి చేస్తాను. నేను బళ్లారి జిల్లాలో బడిపంతులమ్మను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కొన్నేళ్ల క్రితం మా అమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరం పట్టుకుంటే ఒక నర్సింగ్ హోములో చేర్చాను. అమ్మకు సల్ఫా మందు పడదు. పూర్వం ఒకసారి ఆ మాత్ర వేసుకుని ఒళ్లంతా పొక్కులు వచ్చాయి. చేర్చేటప్పుడే ఆ సంగతి చెప్పాను. సిస్టర్ ఎర్ర సిరాతో కేసు షీటు మీద రాసింది. అదే సమయంలో ముందు గదిలో ఒక అబ్బాయి అమ్మ పేరూ, వయసూ, ఫోను నంబరూ కంప్యూటర్‌లో ఎక్కించాడు. పడని మందుల గడి ఖాళీగానే ఉండిపోయింది. దాన్ని అతను నింపాలా, సిస్టర్ నింపాలా అన్నది ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరుగారు తన గదిలో కూర్చుని కంప్యూటర్‌లో చూసి మందు మార్చారు. ఆ మార్చిన మందు సల్ఫా మందే. యంత్రం ఏమీ అడ్డు చెప్పలేదు. ఖాళీ గడికి ఏం తెలుస్తుంది? రాత్రి తొమ్మిదిన్నరకు సిస్టర్ మాత్ర తీసుకుని మంచం దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం కేసు షీటు తిరగేసింది. ఎర్ర సిరా కనిపించింది. మాత్ర జేబులో వేసుకుని డాక్టరుగారికి ఫోను చేసింది. నేను దండం పెట్టబోతే, "అయ్యో, వద్దు టీచరమ్మా! ఈ రోజు ఇంకో ఇద్దరు కొత్త పేషెంట్లు వచ్చి ఉంటే నేనూ కంప్యూటర్‌లో ఉన్నది చూసి ఇచ్చేసేదాన్నేమో" అంది. ఆ మాట నాకు ఈనాటికీ గుర్తుంది.

ఇది విని, "చూశారా, కాగితమే మేలు, కంప్యూటర్ దండగ" అనుకోకండి. కథ ఇంకా ఉంది. ఆరు నెలల తర్వాత అమ్మ అనంతపురంలో చెల్లెలి ఇంట్లో ఉండగా మళ్లీ జ్వరం వచ్చింది. అప్పటికి నా పోరు పడలేక ఆ నర్సింగ్ హోము వాళ్లు కంప్యూటర్‌లో కూడా ఆ గడి నింపి, డిశ్చార్జి సమ్మరీ అచ్చు తీసి ఇచ్చారు. చెల్లెలు దాని ఫోటో అక్కడి డాక్టరుకు చూపింది. అచ్చు అక్షరాల్లో మొదటి వరుసలోనే సల్ఫా పడదు అని ఉంది. ఎర్ర సిరాతో రాసిన కేసు షీటు అయితే బళ్లారి దాటి వచ్చేది కాదు. అంటే మొదటిసారి అమ్మను కాగితం కాపాడింది. రెండోసారి కంప్యూటర్ కాపాడింది. రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్న రికార్డు మాత్రం ప్రమాదం తేబోయింది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. కంప్యూటర్ వచ్చినందువల్ల నర్సుకు పని పెరగదు. కంప్యూటర్ వచ్చాక కూడా కాగితం పోనందువల్ల పెరుగుతుంది.

లెక్కల టీచరును కాకపోయినా చిన్న లెక్క ఒకటి వేస్తాను, వినండి. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు ఒక సిస్టర్, పన్నెండు మంది రోగులు అనుకుందాం. రాత్రికి మూడుసార్లు అందరినీ చూసి రాస్తే మొత్తం 36 సార్లు రాయాలి. ఒక్కొక్కటికి రెండు నిమిషాలు వేసుకుంటే 72 నిమిషాలు. అదే సంగతి కాగితం మీద ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి రాస్తే 144 నిమిషాలు, అంటే 2 గంటల 24 నిమిషాలు. ఇక బీమా కంపెనీకో, ప్రభుత్వ ఆరోగ్య పథకానికో పంపవలసిన వివరాలు ఉంటే అది మూడోసారి. ఇంతా చేసి ఆ రాత్రి రోగికి అదనంగా అందిన సేవ ఏమీ లేదు.

రెండుసార్లు రాయడంలో మరో దోషం ఉంది. కంప్యూటర్ ఒక్కటే, అదీ కౌంటరు దగ్గర. సిస్టర్ మంచాల దగ్గర బి.పి. చూసి అంకెలు చీటీ మీద రాసుకుంటుంది. చీటీ లేకపోతే అరచేతి మీదే. తీరిక దొరికాక అర్ధరాత్రి దాటి అన్నీ కలిపి ఎక్కిస్తుంది. అప్పుడు పదింటికి చూసిన బి.పి.కీ, పన్నెండింటికి చూసిన జ్వరానికీ ఒకటే వేళ పడుతుంది. ఒక అంకె ఆ పడక నుంచి ఈ పడకకు మారినా ఆశ్చర్యం లేదు. అలసినవాళ్లు నిన్నటి పేజీనే నకలు తీసి ఈ రోజు పేజీగా పెట్టడమూ ఉంది. అక్షరాలు అందంగా ఉంటాయి, రికార్డు నిండుగా కనిపిస్తుంది, కానీ నిజం పలచబడుతుంది.

మా ఉపాధ్యాయులకు ఈ బాధ కొత్తది కాదు. తరగతిలో హాజరు పుస్తకం ఉంది. అదే వివరం మళ్లీ కంప్యూటర్‌లో. కర్ణాటకలో శాట్స్ అని ఒకటి, దేశమంతటికీ యు-డైస్ అని మరొకటి. ప్రతిదానికీ దాని ప్రయోజనం ఉంది, కాదనను. కానీ పిల్లవాడి పేరు మూడు చోట్ల రాసే టీచరుకు, ఆ పిల్లవాడు ఇవాళ ఎందుకు దిగాలుగా ఉన్నాడో కనుక్కునే సమయం తగ్గిపోతుంది. నర్సుది కూడా ఇదే గోడు.

మరి కంప్యూటర్ వల్ల సమయం మిగిలిన చోట్లు లేవా? ఉన్నాయి. 2005లో కెనడా పరిశోధకులు అంతకు ముందు వచ్చిన అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఆసుపత్రిలో మంచం పక్కన కంప్యూటర్ ఉన్నచోట నర్సులు రాతకు పెట్టే సమయం 24.5 శాతం, కౌంటరు దగ్గర ఉన్నచోట 23.5 శాతం తగ్గినట్టు తేలింది. అంటే సుమారు నాలుగో వంతు. కానీ అదే పరిశీలనలో, మంచం పక్క కంప్యూటర్ వల్ల డాక్టర్ల రాత సమయం 17.5 శాతం పెరిగినట్టు కూడా తేలింది. 2016లో అమెరికాలో 57 మంది డాక్టర్ల పనిని దగ్గరుండి గమనించిన మరో అధ్యయనంలో, రోగితో గడిపిన ప్రతి గంటకూ కంప్యూటర్, బల్ల పనికి సుమారు రెండు గంటలు పట్టినట్టు కనిపించింది. కాబట్టి "కంప్యూటర్ వస్తే పని తగ్గుతుంది" అని ఎవరైనా అంటే, "ఎవరి పని?" అని మనం అడగాలి.

ఇప్పుడు అమెరికా వృద్ధుల నర్సింగ్ హోముల సంగతికి వద్దాం. రాతపని ఎలా పెరుగుతుందో తెలుసుకోవడానికి అది మంచి ఉదాహరణ. ఆ గృహాల్లో సంరక్షణ సరిగా లేదని 1986లో అక్కడి వైద్య సంస్థ నివేదిక ఇచ్చింది. 1987లో చట్టం వచ్చింది. ప్రతి వృద్ధుణ్ణీ ఒకే పద్ధతిలో పరిశీలించి రాయాలన్నారు. తానే తినగలడా, లేచి నడవగలడా, జ్ఞాపకం ఎలా ఉంది, ఒంటి మీద పడక పుండ్లు ఉన్నాయా, కింద పడ్డాడా, ఇలాంటి ప్రశ్నలు. చేరిన 14 రోజుల్లోగా ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి, ఏడాదికోసారి పూర్తిగా రాయాలి. ఉద్దేశం గొప్పది. అంతకు ముందు పుండు పడినా అడిగే దిక్కులేని వృద్ధుల గురించి అలా ఒక లెక్క మొదలైంది.

1998లో ఆ వివరాలను కంప్యూటర్ ద్వారా ప్రభుత్వానికి పంపడం తప్పనిసరి చేశారు. ఆ ఏడాదే ప్రభుత్వ వృద్ధుల బీమా కింద ఇచ్చే డబ్బును కూడా ఆ రాతతో ముడిపెట్టారు. దాంతో రోగి కోసం పుట్టిన రాత డబ్బు కోసం కూడా రాయవలసినదైంది. ఆ పత్రాలు సరిచూసి పంపడానికి ప్రత్యేకంగా ఒక నర్సును కేటాయించవలసి వచ్చింది. మంచం దగ్గర ఉండవలసిన అనుభవం గల నర్సు బల్ల దగ్గరికి మారింది. ఆయాల కోసం వసారా గోడలకు తెరలు బిగించారు. ఎవరికి స్నానం చేయించారు, ఎవరు ఎంత తిన్నారు అని దాని మీద వేలితో నొక్కాలి. చేసిన వెంటనే నొక్కితే మేలే. కానీ మనుషులు తక్కువైనచోట డ్యూటీ చివర అందరివీ ఒక్కసారే నొక్కడం అలవాటవుతుంది.

2009లో అమెరికా ప్రభుత్వం ఆసుపత్రులూ డాక్టర్లూ కంప్యూటర్ రికార్డులు పెట్టుకోవడానికి వేల కోట్ల డాలర్ల ప్రోత్సాహం ప్రకటించింది. నర్సింగ్ హోములు ఆ జాబితాలో లేవు. ఫలితంగా పెద్ద ఆసుపత్రి నుంచి వృద్ధుణ్ణి నర్సింగ్ హోముకు పంపినప్పుడు, అక్కడ కంప్యూటర్‌లో ఉన్నది కాగితంగా మారి వచ్చేది. ఇక్కడి నర్సు దాన్ని చూసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకునేది. ఎంత ధనిక దేశమైనా, రెండు యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడకపోతే మధ్యలో నలిగేది నర్సు వేళ్లే.

సరిహద్దులో ఉన్న మనకు ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. యానాం వాళ్లు వైద్యానికి కాకినాడ వెళతారు. రాయగడ, కోరాపుట్ వాళ్లు విశాఖపట్నం వెళతారు. హోసూరు వాళ్లు బెంగుళూరు వెళతారు. సిరొంచ వాళ్లు గోదావరి, ప్రాణహిత దాటి తెలంగాణకు వస్తారు. రోగం సరిహద్దు దాటినంత సులువుగా రికార్డు దాటడం లేదు.

పైగా మన పేర్ల చిక్కు ఒకటుంది. కొత్తపల్లి లక్ష్మీదేవి అనే ఆమె ఉందనుకుందాం. తెలుగువారికి ఇంటిపేరు ముందు. కర్ణాటకలో ఆమె లక్ష్మీదేవి కె. అవుతుంది. మహారాష్ట్రలోనూ ఒడిశాలోనూ ఇంటిపేరు చివరికి పోతుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందుకు వస్తుంది. ఇంగ్లీషులో లక్ష్మి అని రాయడానికి 'ఎక్స్' వాడేవారొకరు, 'కె.ఎస్.హెచ్.' వాడేవారొకరు. కంప్యూటర్‌కు ఇవన్నీ వేరువేరు మనుషులు. పాత రికార్డు దొరకక సిస్టర్ కొత్త రికార్డు తెరుస్తుంది. మళ్లీ మొదటి నుంచి అన్నీ అడుగుతుంది. ఆధార్‌లో ఒక పేరు, కేసు షీటులో ఒక పేరు ఉంటే బీమా డబ్బు ఆగిపోతుంది. దాన్ని సరిచేసే పనీ ఆ కొద్దిమంది సిబ్బందిదే.

ఈ చిక్కు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభించింది. అందులో ఒక్కొక్కరికి ఆభా అనే 14 అంకెల సంఖ్య ఇస్తారు. పేరు ఎలా రాసినా సంఖ్య ఒకటే. మన అనుమతితో ఒక ఆసుపత్రి రికార్డు మరో ఆసుపత్రి చూడవచ్చు. ఇది ఇష్టమైనవారు తీసుకునేదే గాని బలవంతం కాదు. అయితే రెండు ఆసుపత్రులూ ఆ ఏర్పాటులో చేరి, సరిగా ఎక్కిస్తేనే దాని వల్ల మేలు.

అచ్చు అక్షరాల మేలు కూడా తక్కువ కాదు. 2024 జనవరిలో ఒరిస్సా హైకోర్టు, పాముకాటు మరణానికి పరిహారం కోరిన ఒక కేసులో పోస్టుమార్టం నివేదిక రాత చదవలేక, డాక్టర్లు మందుల చీటీలూ నివేదికలూ స్పష్టంగా చదవగలిగేలా రాయాలని ఆదేశించింది. న్యాయమూర్తి చదవలేని రాతను రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గుడ్డి దీపం కింద చదివి మందు ఇవ్వాలి కదా! ఆ భయం కంప్యూటర్ వల్ల తీరుతుంది. అందుకే కంప్యూటర్ వద్దని నేను అనడం లేదు. దాన్ని తెచ్చే పద్ధతి మారాలంటున్నాను.

నర్సింగ్ హోము నడిపే పెద్దలకు నా విన్నపాలు కొన్ని. మొదటిది, ఏ వివరమైనా ఒక్కసారే రాయాలి, చూసినచోటే రాయాలి. మందుల బండి మీద చిన్న తెర ఒకటి పెడితే అరచేతి రాతలు పోతాయి. రెండోది, కొత్త పద్ధతి అలవాటయ్యే వరకు కొన్ని వారాలు రెండూ నడపండి. కానీ కాగితం మానే తేదీ ముందే నిర్ణయించండి. లేకపోతే ఆ తాత్కాలికం శాశ్వతమవుతుంది. మూడోది, పడని మందుల గడి నింపనిదే మొదటి మందు రాయడానికి వీలులేకుండా చేయండి. ఆ గడి ఎవరు నింపాలో పేరు పెట్టి చెప్పండి. నాలుగోది, కరెంటు పోయినప్పుడు వాడడానికి ఒకే ఒక అచ్చు కాగితం సిద్ధంగా ఉంచండి. అయిదోది అన్నిటికంటె ముఖ్యం. కంప్యూటర్ కార్యక్రమం కొనేముందు రాత్రి డ్యూటీ సిస్టర్‌ను పిలిచి, ఆమె చేత నడిపించి చూడండి. ఒక వారం ఆమెకు రాతకు ఎన్ని నిమిషాలు పడుతున్నదో లెక్కపెట్టండి. మూడు నెలల తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. నిమిషాలు తగ్గకపోతే తప్పు సిస్టర్‌ది కాదు, ఏర్పాటుది.

రోగి వెంట ఉండే మనం చేయగలిగిందీ ఉంది. పడని మందులూ, రోజూ వేసుకునే మందులూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. చేర్చేటప్పుడు ముందు గదిలోనూ, వార్డులోనూ, రెండు చోట్లా చూపండి. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అలాగే రాయించండి. ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ అచ్చు ప్రతి అడిగి తీసుకోండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, లోపల చేరి వైద్యం పొందిన రోగి రికార్డును డాక్టరు మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, ఆయన తరఫున హక్కున్నవారు గానీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇది మీ హక్కు, మొహమాటపడవద్దు. ఇక సిస్టర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటే "ఆటలాడుకుంటోంది" అని విసుక్కోకండి. బహుశా ఆమె మీ అమ్మ బి.పి.నే రెండోసారి రాస్తూ ఉంటుంది.

మా అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఆ రాత్రి సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు, "ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి చూసింది, అందుకే బతికినాను" అంటుంది. రికార్డు ఎక్కడ ఉండాలన్నది పెద్దలు తేల్చుకుంటారు. నర్సు మాత్రం మంచం దగ్గర ఉండాలి. ఆమెను అక్కడికి పంపే రికార్డే మంచి రికార్డు.